శేరు తవుడు

1993 నవంబరు 17, బుధవారం, పొద్దున ఎనిమిది ముప్పావు. హోసూరులో మా వీధి మొదట్లో ఉన్న పిండి మిషను గడప మీద ఒక చేట. చేటలో పాత చీర ముక్క, దాని మీద తొమ్మిది రోజుల ఆడబిడ్డ. గడపకు అవతల బిడ్డ తల్లి, ఆమె పక్కన ఆమె అవ్వ. ఇవతల మిషనమ్మ, చేతిలో శేరు నిండా తవుడు.

నేను రాగుల డబ్బా అక్కడ దించి ఆఫీసుకు పోదామని వచ్చాను. పోస్టాఫీసులో సేవింగ్సు కౌంటరు నాది. తొమ్మిదికి తెరవాలి, నడక ఏడు నిమిషాలు. అందుకని వాచీ చూసుకున్నాను. టైము గుర్తుండటానికి కారణం అదే.

మిషనమ్మ పోయిన నెల, అంటే 2008 మార్చి ఆరో తేదీ, గురువారం చనిపోయింది. వీధిలో అందరూ ఆమె గురించి ఏదో ఒకటి చెబుతున్నారు, సగం తప్పు. పిల్లను కొన్నదని ఒకరు, ఎత్తుకొచ్చిందని ఇంకొకరు, ఆ పిల్లే ఈమెను వదిలేసి పోయిందని మరొకరు. నేను చూసింది చూసినట్టు రాస్తాను.

పొడుగు మనిషి. కనుబొమల మీద, చెవుల మడతల్లో ఎప్పుడూ పిండి. ముప్పై రెండేళ్ళకే మొగుడు పోయాడు. ఆయన మిగిల్చింది ఆ మిషనొక్కటే. ఒక పక్క పిండి ఆడే రాళ్ళు, ఇంకో పక్క వడ్లు ఆడే చిన్న యంత్రం. ఏళ్ళ తరబడి ఆ బెల్టు పక్కన నిలబడి చెవులు సగం చెడ్డాయి. అందుకని మిషను ఆగి ఉన్నా అరిచే మాట్లాడేది. రహస్యం చెప్పాలంటే దగ్గరికి వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచేది. "మా బావ కొడుకులు మిషను మీద కన్నేసినారమ్మా, ఎవురికీ చెప్పొద్దు" అని నాకు చెప్పిన రోజు ఆ బావ కొడుకులిద్దరూ ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉన్నారు.

రాలే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, ఆ వేళ్ళు తలుపు చెక్కకు తుడిచేది. ఆ చోట అరచెయ్యంత తెల్లటి పెచ్చు కట్టింది. మిరపకాయలు ఆడాక తన సొంత రాగులు గుప్పెడు పోసి రాళ్ళు శుభ్రం చేసేది. "ఎవురి పిండి వాళ్ళకే పోవాల. కలిసిందంటే కూడు దిగదు" అనేది. కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, లాభం అనేది. ఆ తరువాతే రెండు, మూడు.

ఆ బుధవారం సంగతి. బిడ్డ తల్లిది అత్తిముగం దగ్గర ఊరు. ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోది దక్కాలంటే అది తమ బిడ్డ కాదని చావుకు చూపించాలి. తవుడుకు అమ్మేయాలి. మా పక్క ఇది కొత్త కాదు. తవుడమ్మ అనే పేరున్న ముసలివాళ్ళు ఊరికొకరు ఉంటారు. పొద్దున అమ్ముతారు, సాయంత్రం పెంచిపెడతామని చెప్పి మళ్ళీ తీసుకుపోతారు. బిడ్డ కన్నవాళ్ళ ఇంట్లోనే పెరుగుతుంది. పేరుకు మాత్రం కొన్నవాళ్ళది.

"వీధిలో పిల్లాజెల్లా ఉన్న ఆడవాళ్ళు ఎంతమంది లేరు, ఈమె దగ్గరికే ఎందుకు తెచ్చినారు?" అని అడిగాను.

"ఈమె ఇంట్లో చావు వచ్చి పని ముగించుకోని పోయినాదమ్మా" అంది ముసలామె, మిషనమ్మ ముందే. "మళ్ళా ఈ గడప తొక్కేదానికి ఈడ దానికేముంది?"

మిషనమ్మకు వినపడిందో లేదో నాకు తెలియదు. శేరు తవుడూ ముసలామె కొంగులో పోసి, "లాభం" అంది. వంగి చేట ఎత్తుకుంది. తండ్రి రాలేదు. గులాబీ తోటలో నీళ్ళు కట్టే పని, ఆ పూట కుదరలేదన్నారు.

సాయంత్రం బిడ్డను తీసుకుపోవాలి. తీసుకుపోలేదు. తల్లికి పాలు లేవు, బిడ్డకు బరువు లేదు, టౌనులో ఆసుపత్రి దగ్గర కదా, మూడు నెలలు ఈడనే ఉండనీ అన్నారు. మూడు ఆరయ్యాయి. 1995లో వాళ్ళకు కొడుకు పుట్టి బతికాడు. ఆ తరువాత రావటం ఏడాదికి ఒకసారి. వచ్చి, తెచ్చిన రాగులు కూలి లేకుండా ఆడించుకుని, పిల్ల తల నిమిరి పోయేవాళ్ళు. వాళ్ళ మనసులో పిల్ల దాచిపెట్టిన చోట ఉంది. ఈమె మనసులో తన కూతురు. ఇద్దరికీ ఆధారం ఆ తవుడే. నోరు తెరిచి ఎవరూ ఎవరినీ అడగలేదు.

మొదటి నెలలోనే ఆమె కౌంటరు దగ్గరికి వచ్చి, క్యూలో ఉన్న అందరికీ వినపడేటట్టు, "బిడ్డను సాకేదానికి నెలకెంత అవుతుందమ్మా, రాసి చెప్పు" అంది. పాలడబ్బాలు, సూదులు, బట్టలు, కిరసనాయిలు కలిపి రెండు వందల నలభై అని రాసి చూపించాను. అప్పుడు పిండికి కిలో యాభై పైసలు. నెలకు నాలుగు వందల ఎనభై కిలోలు ఎక్కువ ఆడాలి. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని కాసేపు చూసి మడిచి జాకెట్లో పెట్టుకుంది. "ఆడతాను" అంది.

ఆడింది. పక్క వీధిలో మిషను పెట్టినవాడు ఆరు గంటలకు మూసేవాడు, ఈమె ఎనిమిది దాకా తెరిచేది. బిడ్డ తొట్టె బెల్టుకు ఆరడుగుల దూరంలో కట్టింది. ఆ హోరులోనే బిడ్డ నిద్రపోయేది. హోరు ఆగితే లేచి ఏడ్చేది. అందుకని కరెంటు పోయినప్పుడల్లా మిషనమ్మ తొట్టె పక్కన కూర్చుని నోటితో మిషను చప్పుడు చేసేది. పిండి తీసుకుపోవటానికి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. "నవ్వండప్పా. కరెంటు మీ మామ ఇంట్లో పుడుతుందా, నేనడిగినప్పుడు వచ్చేదానికి" అని, మళ్ళీ చప్పుడు మొదలుపెట్టేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది, మంచిది కాదు. పిల్ల అల్లరి చేస్తే, "నిన్ను శేరు తవుడు పోసి కొన్నానే. ఎవురన్నా రెండు శేర్లు పోస్తే ఇచ్చేస్తా" అనేది. ముద్దుకు అనేది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేది కూడా, ఏదో గెలిచినట్టు. పిల్లకు ఐదో ఏడు నడుస్తుండగా మిషన్లో తవుడు తగ్గిపోవటం మొదలైంది. వడ్లు ఆడిన సాయంత్రం బస్తా నిండుగా ఉండేది, మరునాటికి సగం. ఎలుకలనుకున్నారు. బావ కొడుకులనుకున్నారు. వారం తరువాత చూస్తే ఈ పిల్ల, డబ్బాతో తవుడు తీసుకుపోయి మోరీలో, మురుగునీళ్ళలో పోస్తోంది.

"ఎందుకే?" అంటే, "తవుడుంటే ఎవురన్నా రెండు శేర్లు పోసి నన్నిచ్చేయమంటారు" అంది.

మిషనమ్మ ఈ సంగతి నెల రోజులు అందరికీ చెప్పుకుని నవ్వింది. నాకూ చెప్పింది. నేను నవ్వలేదు, కానీ ఆ మాట ఇక అనొద్దని చెప్పలేదు కూడా. ఆమె ఆ తరువాతా అంటూనే ఉంది.

1996 జూన్‌లో దత్తత పత్రం మాట వచ్చింది. ఎత్తినది నేనే. బడిలో చేర్చే రోజులు వస్తాయి, కాగితం ఉండాలి అన్నాను. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే రాతగాణ్ణి అడిగి వచ్చాను. స్టాంపు, రాతకూలి, లాయరు, తండ్రిని ఒక రోజు పని మాన్పించి పిలిపించే ఖర్చు, అన్నీ కలిపి పద్దెనిమిది వందల యాభై. ఆమె పాసుబుక్కులో రెండు వేల మూడు వందల పది ఉంది. సరిపోతుంది. సరిగ్గా ఆ వారమే మోటారు కాలింది. చుట్టించాలంటే పదహారు వందలు. రెండూ చేయలేం.

"ఏం చేద్దామమ్మా?" అని నన్నడిగింది.

"ముందు మోటారు. మిషను తిరగకపోతే పిల్లకు పాలెక్కడివి? కాగితం యాడికి పోతుంది, వచ్చే ఏడు రాయించొచ్చు" అన్నాను.

వచ్చే ఏడు ఆమె అడగలేదు. నేను గుర్తు చేయలేదు. బళ్ళో హెడ్మాస్టరు సంరక్షకురాలు అని రాసుకుని చేర్చుకున్నాడు. రేషను కార్డులో పేరెక్కింది. కాగితం లేకుండానే అన్నీ జరుగుతున్నాయి కదా అనుకున్నాం. నేను 1999లో రిటైరయ్యాను. పిల్ల సాయంత్రం మా ఇంటికి వచ్చి లెక్కలు చేసుకునేది. గుణకారంలో తప్పు చేసేది కాదు. భాగహారంలో మిగిలింది రాయటం మరిచిపోయేది.

2006 మే 11, గురువారం పిల్ల పెద్దమనిషి అయింది. మా పక్క ఆ పదహారు రోజులూ పిల్లను కూర్చోబెట్టటానికి మేనమామ పచ్చాకు గుడిసె కట్టాలి. గుడిసె కట్టినవాడికే పిల్ల మీద మొదటి హక్కు. ఆయన వద్దంటే తప్ప ఇంకొకరికి ఇవ్వరు. మిషనమ్మకు అన్నదమ్ములు లేరు. పిల్లను కన్న తల్లికి తమ్ముడున్నాడు, డెంకణికోట పక్క.

"కబురు పంపినాను" అని నాకు వీధిలో అరిచి చెప్పింది.

"పంపితే వాళ్ళు వస్తారు" అన్నాను.

"రావాలనే కదమ్మా పంపేది. మామ గుడిసె లేకుండా కూర్చోబెడితే, రేపు దాన్ని దిక్కులేనిదంటారు. నేనున్నాను, దిక్కు ఎందుకు లేదు?"

అది ఆమె లెక్క. పిల్లకు ఏ లోటూ ఉండకూడదు. తనకు లేనిదాన్ని కన్నవాళ్ళ దగ్గర అడిగి తెప్పించుకుంది.

మామ వచ్చాడు. మామిడాకులు, వేపమండలు తెచ్చి మిషను వెనక గుడిసె కట్టాడు. ముప్పై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. తల్లి వచ్చింది, పన్నెండున్నరేళ్ళలో మొదటిసారి తండ్రీ వచ్చాడు. పదహారు రోజులూ మిషనమ్మ అందరికీ వండిపెట్టింది. ఆఖరి రోజు పిల్లకు పట్టుపావడా కట్టి, "ఒక వారం ఊర్లో పెట్టుకోని పంపిస్తామక్కా, ఆడ బంధువులు చూడాల కదా" అన్నారు. 27వ తేదీ, శనివారం, తొమ్మిదిన్నర బస్సు. మిషనమ్మ ఎనిమిదో తరగతి నోటుపుస్తకాలు ఆరు ముందే కొని అట్టలు వేయించింది. వాటిని బ్యాగులో పెట్టబోతే తల్లి తీసి పక్కన పెట్టింది. "వారానికి పుస్తకాలెందుకక్కా."

వారం అయింది, రెండయింది. ఈమె వెళ్ళింది. పిల్ల గులాబీ షెడ్డులో పూలు కోస్తోంది. మామకు ఇస్తామని మాట అనుకున్నారట. ఈమెను ఇంట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి మర్యాదగా పంపారు. "మీరు మా బిడ్డను చావు కంట పడకుండా కాపాడినారక్కా, మీ మేలు మరిచేది లేదు" అన్నాడట తండ్రి. తిరిగి వచ్చి ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆమె అరవలేదు. మామూలు గొంతుతో ఆమె మాట్లాడగా వినటం నాకు అదే మొదలు.

జూన్ 19, సోమవారం కృష్ణగిరి పోయాం. బస్టాండు దగ్గర ఒక లాయరు. కోర్టుకు పోకముందే మాట్లాడుకుంటే మంచిదని రెండు పక్షాలనూ పిలిపించాడు. చిన్న గది, ఒకటే ఫ్యాను. తండ్రి, తల్లి, పిల్ల ఒక బల్ల మీద, మేము ఒక బల్ల మీద. లాయరు తమిళంలో అడిగాడు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"దత్తత కాగితం ఉందా?"

లేదు. ఈమె గుడ్డసంచిలోంచి రేషను కార్డు, బడి మార్కుల కార్డులు, సూదుల కార్డు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. ఆయన వాటిని చూసి పక్కకు జరిపాడు.

"బిడ్డను మీకు ఎట్ల ఇచ్చినారు?"

"ఇచ్చేదేంది సామీ, కొన్నాను. శేరు తవుడు పోసి కొన్నాను" అని అరిచింది.

"ఆ మాట ఇంకెక్కడా అనొద్దమ్మా. కొన్నానంటే కేసు మీ మీదికే వస్తుంది" అన్నాడు. తండ్రి కిందికి చూసి నవ్వుకున్నాడు.

తరువాత ఆయన నా వైపు తిరిగాడు. కాగితం లేకపోయినా, తండ్రి తన చేత్తో బిడ్డను ఈమె చేతిలో పెట్టి ఉంటే, చూసిన సాక్షి ఉంటే, దత్తత అని వాదించవచ్చు. తల్లి ఒక్కతే ఇస్తే చెల్లదు. "మీరు గవర్నమెంటు ఉద్యోగం చేసినవారు. మీ మాటకు విలువ ఉంటుంది. బాగా గుర్తు చేసుకోండి. ఆ రోజు తండ్రి ఉన్నాడా?"

ఆయన నన్నేం అడుగుతున్నాడో నాకు తెలుసు. మిషనమ్మకు సగం వినపడి ఉంటుంది. ఆమె నా నోటి వైపే చూస్తోంది.

"లేడు" అన్నాను. "ఎనిమిది ముప్పావుకు తల్లి, ఆమె అవ్వ, వీళ్ళిద్దరే."

లాయరు పిల్లను అడిగాడు, నువ్వు ఎవరి దగ్గర ఉంటావని. పిల్ల అందరినీ ఒకసారి చూసింది. "యాడికి పొమ్మంటే ఆడికి పోతాను" అంది. ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. చిన్నప్పటి నుంచి ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్నదానిలా చెప్పింది.

తిరుగు బస్సు శూలగిరి దాటాక మిషనమ్మ అడిగింది, "ఆయప్పకు నువ్వేం చెప్పినావమ్మా?"

"తండ్రి రాలేదని చెప్పినాను."

"వచ్చినాడంటే ఏమయ్యేది?"

"రాలేదు కదా."

ఆమె నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే, ఏమయ్యేది అని అడగటం. ఆ తరువాత కూడా నా రాగులు ఆమె దగ్గరే ఆడించుకున్నాను. డబ్బా తీసుకునేది, ఆడేది, వేళ్ళతో నలిపి చూసేది, డబ్బా నా ముందు పెట్టి చెయ్యి చాపేది. చిల్లర సరిగ్గా ఇచ్చేది. తూకంలో ఎప్పుడూ తేడా లేదు. మాట మాత్రం లేదు. ఏడాది గడిచాక మిషను ఎనిమిదికి కాదు, నాలుగుకే మూసేది. ఇక ఎక్కువ ఆడాల్సిన అవసరం లేదు కదా. ఆఖరి నెలల్లో ఊపిరి తీసుకోవటం కష్టమైంది. పిండి ఊపిరితిత్తుల్లో చేరిందని ఆసుపత్రిలో చెప్పారట. నేను రెండుసార్లు పోయి మంచం పక్కన కూర్చున్నాను. గోడ వైపు తిరిగి పడుకుంది.

చనిపోయిన పదకొండో రోజు పిల్ల తండ్రి మా ఇంటికి వచ్చాడు. పిల్ల వాకిట్లో నిలబడింది.

"అమ్మా, పెంచుకున్న బిడ్డ కదా. మిషను దానికే రావాల. ఆ బావ కొడుకులు తాళం వేసుకున్నారు. మీరు ఒక్క మాట చెప్తే చాలు. ఆ పొద్దు నేనూ వచ్చి నా చేత్తో ఇచ్చినానని."

"నువ్వు రాలేదు కదప్పా."

"వచ్చినానని చెప్పొచ్చు కదమ్మా. ఇప్పుడు ఎవురికి నష్టం?"

"కృష్ణగిరిలో అది చెప్పనందుకే పిల్ల మీ దగ్గరే నిలిచింది. అప్పుడు నీకు నష్టం లేదు."

ఆయన "పెద్దోళ్ళు, మీ ఇష్టం" అని బీడీ వెలిగించుకుంటూ వీధిలోకి పోయాడు. పిల్ల కదల్లేదు. పద్నాలుగేళ్ళు దాటాయి. రెండు ముంజేతుల మీదా గులాబీ ముళ్ళ గీతలు, కొన్ని మానినవి, కొన్ని పచ్చివి.

"అవ్వా, మాయమ్మ నన్ను అడిగిందా? ఒకసారన్నా?"

మాయమ్మ అంటే ఎవరో నేను అడగక్కర్లేదు.

"నాతో మాట్లాడేది కాదు. నాకు తెలీదు" అన్నాను.

తల ఊపింది. చెప్పులేసుకుని తండ్రి వెనక పోయింది.

బావ కొడుకులు మోటారు ఒకరికి, మిగిలింది పాత ఇనుము వాడికి అమ్మారు. రాళ్ళు ఎవరూ కొనలేదు, ఇంకా మోరీ పక్కనే పడి ఉన్నాయి.

పోయినవి ఇవి. పిల్లతో ఆమె గడిపిన కాలం, పన్నెండేళ్ళ ఆరు నెలల పది రోజులు. పిల్ల చదువు, ఎనిమిదో తరగతి నుంచి. మిషను ఒకటి. నాతో ఆమె మాట, ఇరవై నెలల పదహారు రోజులు. పిల్లకు నేను ఇవ్వగలిగీ ఇవ్వని జవాబు, ఒకటి.